కాఫీ హోటల్లో లెక్కల మాస్టారు – అబ్రహాం డిమూవర్

ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివిన మన హాస్టల్ విద్యార్థులకు డిమూవర్ పేరు కొత్త కాదు. సంకీర్ణ సంఖ్యల పాఠం అయిపోగానే ఆయన సిద్ధాంతం వస్తుంది. కచ్చితంగా మార్కులు తెచ్చిపెట్టే సిద్ధాంతం అని అందరం బట్టీ పట్టేస్తాం. అదే గణితంలో యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు అనే పాఠం కూడా ఉంది. పరీక్షల ముందు టైము చాలక చాలామంది వదిలేసే పాఠం అది. ఆ పాఠం వెనుక కూడా ఎక్కువగా కష్టపడింది ఈ డిమూవరే అని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాదు. సొంత దేశం లేదు, ఆస్తి లేదు, పెళ్ళి కాలేదు. ఎనభై ఏడేళ్ళ జీవితంలో దాదాపు అరవై ఏళ్ళకు పైగా పరాయి ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. ఆయన గురించి మేము చదివి తెలుసుకున్నది ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

అబ్రహాం డిమూవర్ 1667 మే 26న ఫ్రాన్సు దేశంలో షాంపేన్ ప్రాంతంలోని విట్రీ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి శస్త్రవైద్యుడు. ఆ రోజుల్లో శస్త్రవైద్యం ఇప్పటిలాగా పెద్ద సంపాదన ఉన్న వృత్తి కాదు. అయినా కొడుకును చదివించాలన్న పట్టుదల తండ్రికి ఉంది. వాళ్ళది ప్రొటెస్టెంటు కుటుంబం. ఫ్రాన్సులో రాజూ, అధిక సంఖ్యాకులూ కాథలిక్కులు. పదకొండేళ్ళప్పుడు అబ్రహామును సెడాన్ పట్టణంలోని ప్రొటెస్టెంటు విద్యాలయానికి పంపారు. ఇల్లు వదిలి దూరాన ఉండి చదువుకోవడం ఆ వయసులోనే మొదలైందన్నమాట. అక్కడ నాలుగేళ్ళు గ్రీకు భాష చదువుతూ ఉండగానే ప్రభుత్వం ఆ విద్యాలయాన్ని మూసివేసింది. కారణం ఒక్కటే, అది ప్రొటెస్టెంట్లది. అక్కడి నుండి సోమూర్ వెళ్ళి తర్కశాస్త్రం చదివాడు. అక్కడ లెక్కల పాఠాలు లేవు. ఎలాగో హైగెన్స్ అనే డచ్చి శాస్త్రవేత్త పాచికల ఆటల మీద రాసిన చిన్న పుస్తకం దొరికితే, చెప్పేవాళ్ళు లేకపోయినా తానే కూర్చుని చదువుకున్నాడు. సంభావ్యత మీద అచ్చయిన మొదటి పుస్తకం అదే, 1657లో వచ్చింది. తరువాత పారిస్ చేరి ఓజానామ్ అనే మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు.

1685 అక్టోబరులో రాజు 14వ లూయీ, ప్రొటెస్టెంట్లకు సుమారు తొంభై ఏళ్ళుగా ఉన్న రక్షణ శాసనాన్ని రద్దు చేశాడు. వాళ్ళ ప్రార్థనా మందిరాలు కూల్చారు. బడులు మూయించారు. పిల్లలను కాథలిక్కులుగా పెంచాలని ఆజ్ఞాపించారు. లక్షల సంఖ్యలో జనం దేశం విడిచి పారిపోయారు. డిమూవర్‌ను మతం మార్చడానికి పారిస్‌లో సెయింట్ మార్టిన్ మఠంలో నిర్బంధించారు. మారలేదు. బయటపడ్డాక ఇంగ్లండు చేరాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు దాటాయి. మళ్ళీ ఫ్రాన్సులో స్థిరపడనే లేదు. పేరుకు ముందున్న డి అనే అక్షరం లండన్ వచ్చాక చేర్చుకున్నదే. ఫ్రెంచివాళ్ళలో పెద్ద ఇంటివాళ్ళ పేర్లకు అది ఉంటుంది. గొప్పవాళ్ళ గుమ్మం తొక్కి పాఠం చెప్పవలసిన పేదవాడు ఆ ఒక్క అక్షరం అడ్డుపెట్టుకోవడంలో మాకు తప్పేమీ కనిపించలేదు.

లండన్‌లో ఆయనకు తెలిసిన పని ఒకటే, లెక్కలు చెప్పడం. ధనవంతుల పిల్లలకు ఇంటింటికీ వెళ్ళి పాఠం చెప్పేవాడు. ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య నడకకే బోలెడు సమయం పోయేది. ఇలా ట్యూషన్లు చెప్పి చదువు కొనసాగించిన అన్నలు మన హాస్టల్ పూర్వ విద్యార్థుల్లోనూ ఉన్నారు. వాళ్ళకు ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేదు. ఒకరోజు డెవన్‌షైర్ ప్రభువు ఇంట్లో న్యూటన్ రాసిన ప్రిన్సిపియా గ్రంథం డిమూవర్ కంటబడింది. తనకు లెక్కలు బాగా వచ్చు అనుకున్నవాడు ఆ పుస్తకం తెరిచి చూసి నిర్ఘాంతపోయాడు. ఒక ప్రతి కొన్నాడు. కానీ కూర్చుని చదవడానికి తీరిక ఏదీ? పుస్తకం పేజీలు చించి, రోజుకు కొన్ని జేబులో పెట్టుకుని, ఒక పాఠానికీ మరో పాఠానికీ మధ్య దారిలో చదివేవాడు. అలా ఆ మహాగ్రంథం మొత్తం పూర్తిచేశాడు. (పుస్తకాలు చించమని మేము చెప్పడం లేదు, ముఖ్యంగా లైబ్రరీ పుస్తకాలు!)

తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఎడ్మండ్ హేలీ 1692లో ఆయనకు స్నేహితుడయ్యాడు. హేలీ చొరవతో 1695లో డిమూవర్ తొలి వ్యాసం రాయల్ సొసైటీ ముందుకు వెళ్ళింది. 1697లో ఆయన్నే సభ్యుడిగా ఎన్నుకున్నారు. న్యూటన్ కూడా ఆప్తుడయ్యాడు. ముసలితనంలో ఎవరైనా లెక్కల సందేహంతో వస్తే, ఈ సంగతులు నాకంటే ఆయనకే బాగా తెలుసని న్యూటన్ డిమూవర్ దగ్గరికి పంపేవాడట. ఇంత గౌరవం ఉన్నా ఉద్యోగం మాత్రం రాలేదు. జర్మనీలో లైబ్నిజ్ వంటి మహామహుల సాయం అడిగి ప్రయత్నించినా ఎక్కడా ఆచార్య పదవి దొరకలేదు. విదేశీయుడు అన్నది పెద్ద అడ్డంకి. 1711లో కేంబ్రిడ్జిలో న్యూటన్ ఒకప్పుడు చేసిన పదవే ఖాళీ అయితే నికొలస్ సాండర్సన్‌కు ఇచ్చారు. పసితనంలోనే మశూచితో రెండు కళ్ళూ పోగొట్టుకుని స్వయంకృషితో పైకి వచ్చిన మనిషి సాండర్సన్. కాబట్టి ఆ ఎంపికను తప్పుపట్టలేం. కానీ అలాంటి పదవి ఒక్కటి డిమూవర్‌కు వేరే ఎక్కడైనా ఇచ్చి ఉండవచ్చు కదా అని మాత్రం అనిపిస్తుంది. ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్న మార్టిన్ ఫోక్స్ 1741లో రాయల్ సొసైటీ అధ్యక్షుడే అయ్యాడు. అప్పటికీ మాస్టారు ట్యూషన్లు చెబుతూనే ఉన్నాడు.

ట్యూషన్లు లేనప్పుడు ఆయన సెయింట్ మార్టిన్స్ లేన్ అనే వీధిలో స్లాటర్స్ అనే కాఫీ హోటల్లో కూర్చునేవాడు. జూదం ఆడేవాళ్ళు, జీవిత భత్యాలు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు వచ్చి సలహా అడిగి ఎంతో కొంత ముట్టజెప్పి పోయేవారు. మన పాఠ్యపుస్తకంలోని విభాజనాలు నిజంగా పెరిగింది ఆ బల్ల దగ్గరే. 1711లో ఆయన లాటిన్‌లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. దాన్ని పెంచి 1718లో ఇంగ్లిషులో అవకాశాల సిద్ధాంతం అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేసి, న్యూటన్‌కు అంకితమిచ్చాడు. అదృష్టం అనే మూఢనమ్మకాన్ని ఈ లెక్కలు పోగొడతాయని ముందుమాటలో రాసుకున్నాడు. జూదగాళ్ళ డబ్బుతో బతికినవాడు ఈ మాట రాయడం కొంచెం విచిత్రమే. కానీ పుస్తకం చదివితే అది నిజమేననిపిస్తుంది.

అందులోని ఒక లెక్క చూడండి. 1710 నాటి లాటరీలో 39 ఖాళీ టికెట్లకు ఒక బహుమతి టికెట్ చొప్పున ఉన్నాయి. కనీసం ఒక్క బహుమతి వచ్చే అవకాశం సగానికి సగం ఉండాలంటే ఎన్ని టికెట్లు కొనాలి? నలభైలో ఒకటి కాబట్టి ఇరవై కొంటే సరిపోతుందని మనలో చాలామంది అంటాం. అది తప్పు. ఇరవై కొంటే అవకాశం 100కి 40 మాత్రమే. డిమూవర్ తిప్పి ఆలోచించాడు. ఒకటైనా రావడం అంటే ఒకటి రావడం, రెండు రావడం, మూడు రావడం... ఇలా అన్నీ కూడాలి. దానికంటే ఒక్కటీ రాకపోవడాన్ని మొత్తం నుండి తీసేస్తే చాలు. ఒక టికెట్ ఖాళీ అయ్యే అవకాశం 40లో 39. దాన్ని అదే సంఖ్యతో మళ్ళీ మళ్ళీ గుణించుకుంటూ పోతే 27 టికెట్ల దగ్గర సగానికి కొద్దిగా పైన, 28 దగ్గర సగానికి కొద్దిగా కింద ఉంటుంది. అంటే 28 టికెట్లు కావాలి. దీనికి ఆయన ఒక సులువు కూడా చెప్పాడు. 39ని 0.7తో గుణించు, 27.3 వస్తుంది. అంతే! రెండు బహుమతులైనా రావాలంటే సున్నా వచ్చే అవకాశం, ఒకటి వచ్చే అవకాశం రెండూ కలిపి తీసేయాలి. అప్పుడు 67 టికెట్లు కొనవలసి వస్తుంది, 56 కాదు. ఈ లెక్కను సులువు చేయడానికి ఆయన వాడిన పద్ధతిలోనే, 1837లో పాయిజాన్ రాసిన విభాజనం దాగి ఉంది. పేరు మాత్రం పాయిజాన్‌కు వచ్చింది.

ఇక్కడ పాఠం వదిలేసిన తమ్ముళ్ళ కోసం ఒక్క నిమిషం ఆగుదాం. ఒక నాణేన్ని పదిసార్లు ఎగరేశాం అనుకోండి. బొమ్మలు సున్నా నుండి పది వరకు ఎన్నైనా పడవచ్చు. ఆరు పడవచ్చు, ఏడు పడవచ్చు, ఆరున్నర పడదు. అందుకే దాన్ని విచ్ఛిన్న చలరాశి అన్నారు. మొత్తం 1024 విధాలుగా జరగవచ్చు. అందులో సున్నా బొమ్మలకు 1, ఒకటికి 10, రెండుకు 45, మూడుకు 120, నాలుగుకు 210, ఐదుకు 252, ఆ తరువాత మళ్ళీ 210, 120, 45, 10, 1. ఇదే ద్విపద విభాజనం. ఇప్పుడు ఆరు లేదా అంతకు తక్కువ బొమ్మలు పడే అవకాశం ఎంత అని అడిగితే మొదటి నుండి ఆరు వరకు కూడుకుంటూ రావాలి. 1, 11, 56, 176, 386, 638, 848. అంటే 1024లో 848, దాదాపు 83 శాతం. పదో తరగతిలో మార్కుల పట్టిక పక్కన ఆరోహణ సంచిత పౌనఃపున్యం అని ఒక నిలువు గడి నింపేవాళ్ళం, గుర్తుందా? అదే ఇది. అక్కడ విద్యార్థులను కూడాం, ఇక్కడ అవకాశాలను కూడుతున్నాం. జీవితంలో ఎదురయ్యే ప్రశ్నలు చాలావరకు ఇలా ఉంటాయి. సరిగ్గా ఎంత అని కాదు, ఎంతవరకు అని.

పదిసార్లయితే వేళ్ళమీద చెప్పవచ్చు. వేలసార్లయితే? స్విట్జర్లాండుకు చెందిన యాకబ్ బెర్నూలీ ఈ ప్రశ్నతో ఇరవై ఏళ్ళు గడిపాడు. ఎన్ని ఎక్కువసార్లు ప్రయత్నిస్తే ఫలితం అంతగా అసలు నిష్పత్తికి దగ్గరవుతుందని నిరూపించాడు. ఎన్నిసార్లు కావాలో కూడా లెక్కగట్టాడు. 5లో 3 వంతుల అవకాశం ఉన్నదాన్ని, 50వ వంతు తేడాలోపు, వెయ్యికి ఒకటి చొప్పున నమ్మకంగా పట్టుకోవాలంటే 25,550 సార్లు ప్రయత్నించాలట! ఆయన 1705లో చనిపోయాడు. పుస్తకం 1713లో వచ్చింది. మార్గం సరైనదే కానీ ఆ సంఖ్య అవసరమైనదానికంటే చాలా పెద్దది. ఎందుకంటే మధ్యలో ఉన్న పదాలను సరిగ్గా కూడే ఉపాయం ఆయనకు దొరకలేదు.

ఆ ఉపాయం కనిపెట్టింది డిమూవర్. నాణేన్ని 3600 సార్లు ఎగరేస్తే 1770 నుండి 1830 మధ్య బొమ్మలు పడే అవకాశం ఎంత? మామూలు దారిలో అయితే 61 పదాలు లెక్కగట్టి కూడాలి. ఒక్కో పదంలో వెయ్యికి పైగా అంకెలున్న సంఖ్య వస్తుంది. కాలిక్యులేటర్ లేదు, కంప్యూటర్ లేదు. సంవర్గమానాల పట్టిక, ఈకకలం, కాగితం మాత్రమే. ఆయన ఏం చేశాడంటే, ముందు నట్టనడిమి పదాన్ని పట్టుకున్నాడు. దాని విలువకు మొత్తం ప్రయత్నాల సంఖ్య వర్గమూలంతో సంబంధం ఉందని గుర్తించాడు. మధ్యలో ఒక స్థిరసంఖ్య తెగక చాలాకాలం ఆగిపోయాడు. స్కాట్లాండుకు చెందిన స్నేహితుడు జేమ్స్ స్టిర్లింగ్ ఆ సంఖ్యలో వృత్తం తాలూకు పై దాగి ఉందని చూపించాడు. డిమూవర్ ఆ సంగతి దాచుకోకుండా పుస్తకంలో రాశాడు. తరువాత నడిమి నుండి దూరం పోయేకొద్దీ పదాలు ఎలా తగ్గుతాయో సూత్రం కట్టాడు. దూరాన్ని వర్గం చేసిన కొద్దీ తగ్గుదల. విడివిడి పదాలను ఒక్కొక్కటిగా కూడే బదులు వాటి తలల మీదుగా ఒక నున్నని వక్రం గీసి, దాని కింద వైశాల్యం కొలిచాడు. మెట్లు మెట్లుగా ఉన్నది ఏటవాలు అయింది. ఇప్పుడు సామాన్య విభాజనం, గంట ఆకారపు వక్రం అని చదువుకునేది ఇదే.

జవాబు కూడా అంత అందంగా ఉంది. 3600కు వర్గమూలం 60, అందులో సగం 30. నడిమి 1800కు అటు 30, ఇటు 30 లోపల పడే అవకాశం 100కి సుమారు 68. అటూ ఇటూ 60 లోపల అయితే సుమారు 95. 90 లోపల అయితే వెయ్యికి 997. ఎన్నిసార్లు ఎగరేసినా ఇదే లెక్క, వర్గమూలం మాత్రం మారుతుంది. 100 సార్లయితే తేడా 5, అంటే వందకు 5. పదివేల సార్లయితే తేడా 50, అంటే వందకు అర. ప్రయత్నాలు వంద రెట్లు పెంచితే అనిశ్చితి పది రెట్లే తగ్గుతుందన్నమాట. ఎన్నికల సర్వేల్లో కొన్ని వేలమందిని అడిగి లక్షలమంది సంగతి చెప్పడం, ఇంత శాతం అటూ ఇటూ అని పక్కన రాయడం దీని మీద ఆధారపడినవే. ఈ పనిని 1733 నవంబరు 12 తేదీతో లాటిన్‌లో ఏడు పేజీల చిన్న కాగితంగా అచ్చువేయించి కొద్దిమంది స్నేహితులకు పంచాడు. అప్పటికి ఆయన వయసు అరవై ఆరు. 1738లో పుస్తకం రెండో ముద్రణలో దాన్ని ఇంగ్లిషు చేసి చేర్చాడు.

జూదం లెక్కలతోనే ఆగలేదు. 1725లో జీవిత భత్యాల మీద పుస్తకం రాశాడు. బ్రెస్లా పట్టణంలో జనన మరణాలు చూసి హేలీ 1693లో వేసిన పట్టిక దానికి ఆధారం. ఏ వయసులో ఎందరు మిగిలి ఉన్నారో ఏటేటా తీసివేస్తూ చూపే పట్టిక అది, ఇందాకటి సంచిత పట్టికను తలకిందులు చేసినట్టు. డిమూవర్ దాన్ని బాగా తేలిక చేశాడు. మనిషి ఆయుర్దాయానికి హద్దు 86 అనుకుని, ఏడాదికి సమానంగా తగ్గుతారని పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళవాడికి హద్దు వరకు 56 ఏళ్ళుంటే, సగటున ఇంకా 28 ఏళ్ళు బతుకుతాడని లెక్క. నిజ జీవితంలో మరణాలు అంత సమంగా రావు. అయినా గుమాస్తాలు నోటితో చెప్పగలిగే సూత్రం కావడంతో చాలాకాలం వాడారు. ఈ రోజు బీమా కంపెనీల ప్రీమియం లెక్కల వెనుక ఉన్న ఆలోచన ఇక్కడి నుండి సాగినదే.

ఆయన్ని దేవుడిని చేయడం మా ఉద్దేశం కాదు. నేతపని చేస్తూ సొంతంగా లెక్కలు నేర్చుకున్న థామస్ సింప్సన్ అనే కుర్రవాడు 1740లో సంభావ్యత మీద, 1742లో భత్యాల మీద పుస్తకాలు రాశాడు. డిమూవర్ మండిపడ్డాడు. తన పుస్తకాలు చూసి రాసి, తన బేరం చెడగొడుతున్నాడని 1743 ముద్రణ ముందుమాటలో నిందించాడు. సింప్సన్ కూడా ఘాటుగానే జవాబిచ్చాడు. వైశాల్యాలు కట్టే సూత్రంతో మనకు తెలిసిన సింప్సన్ ఈయనే. పుస్తకం మీద వచ్చే నాలుగు డబ్బులే ఆధారమైన డెబ్బై ఆరేళ్ళ ముసలివాడి భయం మాకు అర్థమవుతుంది. కానీ మగ్గం మీది నుండి లేచి వచ్చిన ఒక బీదవాడిని, ఆ బాధ తెలిసిన మరో బీదవాడు అలా అనకుండా ఉండవలసింది.

మన సిలబస్‌లో ఉన్న డిమూవర్ సిద్ధాంతం విషయానికి వస్తే, దాని మూలం 1707 నాటి, 1722 నాటి వ్యాసాల్లో ఉంది. ఇప్పుడు చదివే రూపంలో 1748లో ఆయిలర్ రాశాడు.

చివరి ఏళ్ళలో చూపు పోయింది. నిద్ర ఎక్కువైంది. ఆ నిద్ర గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. రోజుకు పదిహేను నిమిషాలు చొప్పున నిద్ర పెరుగుతోందని గమనించి, అంకశ్రేఢి వేసుకుని, ఇరవైనాలుగు గంటలు నిండే రోజును తన చావు రోజుగా ముందే లెక్కగట్టాడని, ఆ రోజే పోయాడని చెబుతారు. ఎవరో ముచ్చటపడి అల్లినదని మా అభిప్రాయం. జీవితమంతా సగటు ఆయుర్దాయం లెక్కించినవాడు ఒక్క మనిషి చావు తేదీ చెప్పబోయేవాడు కాడు. 1754 నవంబరు 27న లండన్‌లో కన్నుమూశాడు. ఆ ఏడాదే పారిస్ విజ్ఞాన అకాడమీ ఆయన్ని విదేశీ సభ్యుడిగా ఎన్నుకుంది. తరిమేసిన దేశం గుర్తించేసరికి ఆయనకు మిగిలింది కొద్ది నెలలే. పుస్తకం మూడో ముద్రణ 1756లో, చనిపోయాక వచ్చింది.

గంట ఆకారపు వక్రానికి లాప్లాస్ పేరు, గాస్ పేరు పెట్టుకుని లోకం ముందుకు సాగిపోయింది. ఏడు పేజీల కాగితం సంగతి దాదాపు అందరూ మరిచారు. 1924లో కార్ల్ పియర్సన్ అనే గణాంకశాస్త్రవేత్త, డిమూవర్ 1730 నాటి ఒక లాటిన్ పుస్తకం ప్రతి వెనుక, కలిపి కుట్టేసి ఉన్న ఆ ఏడు పేజీలను చూసి, ఈ వక్రం మొదట డిమూవర్‌దే అని లోకానికి చెప్పాడు. అప్పటికి 191 ఏళ్ళు గడిచాయి. పియర్సన్ పనిచేసింది లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో. అక్కడి నుండి స్లాటర్స్ కాఫీ హోటల్ ఉండిన వీధికి కాలినడకన అరగంట కూడా పట్టదు.